గ్యాస్ కారుకు రెండు వయసులు



పెట్రోల్ బండిగా షోరూం గడప దాటి, మధ్యలో ఎవరో కిట్ బిగిస్తే ఎల్పీజీ బండిగా మారి, ఇప్పుడు రెండో చేతికో మూడో చేతికో రావడానికి సిద్ధంగా ఉన్న పాత కారు గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఈ మాటలు ఏ ఊరివాళ్లకైనా పనికొస్తాయి గానీ, శంషాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు కాస్త ఎక్కువ అవసరం. 2008 మార్చి 23న విమానాల రాకపోకలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. అప్పటినుంచి ఈ ప్రాంతానికి రాత్రీ పగలూ తేడా లేదు. కార్గోలో, హౌస్ కీపింగ్‌లో, సెక్యూరిటీలో, క్యాటరింగ్‌లో పనిచేసేవాళ్లు తెల్లవారుజామున మూడింటికి డ్యూటీ ఎక్కుతారు, అర్ధరాత్రి దాటాక దిగుతారు. నగరంలోకి పుష్పక్ బస్సులున్నాయి, నిజమే. కానీ కొత్తూరు నుంచో షాద్‌నగర్ నుంచో మహేశ్వరం వైపు నుంచో వచ్చే మనిషికి ఆ వేళప్పుడు సొంత బండే దిక్కు. కొత్త కారు అందదు. పాతది దొరికినా నెలనెలా పెట్రోల్ బిల్లు చూస్తే గుండె జారుతుంది. సరిగ్గా అక్కడే గ్యాస్ కారు మీద మనసు పడుతుంది.

అమ్మకానికి వచ్చే బండ్లకూ ఇక్కడ కొదవ లేదు. విమానాశ్రయం ఊరికి దూరంగా పోవడంతో క్యాబుల రోజువారీ తిరుగుడు పెరిగింది. 2009లో మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్ వే వచ్చింది, అంతకుముందే గచ్చిబౌలి వైపు నుంచి ఔటర్ రింగ్ రోడ్డు తెరిచారు. దాంతో ఒక్కో క్యాబ్ రోజుకు వేసే ట్రిప్పులు కూడా పెరిగాయి. అలా నాలుగైదేళ్లు తిరిగిన బండ్లలో కొన్ని ఎల్లో ప్లేటు తీసేసి, వైట్ ప్లేటు తగిలించుకుని, పాలిష్ కొట్టించుకుని పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీల ముందు నిలబడతాయి.

అక్కడ వినిపించే మాట మీకూ తెలిసే ఉంటుంది. “అన్నా, సింగిల్ ఓనర్ బండి. గ్యాస్ మీద మస్తు మైలేజ్ ఇస్తది. కిట్టే ముప్పై వేలది, నీకు ఫ్రీగ వస్తుంది.” ఈ మూడు వాక్యాల్లో కొనేవాడు పట్టుకోవాల్సింది మూడోదాన్ని. కిట్ ఉచితంగా రావడం లేదు. దాంతోపాటు ఒత్తిడి మీద మండే వాయువును దాచిపెట్టుకున్న ఒక ఉక్కు ట్యాంకు మీ ఇంటికి వస్తోంది. కారుకు ఒక వయసుంటే, ఆ ట్యాంకుకూ దాని వాల్వులకూ గొట్టాలకూ ఇంకో వయసు. 2012 మోడల్ కారులో 2017లో బిగించిన కిట్ ఉండొచ్చు. 2018 మోడల్ కారులోనేమో, ఇంకో పాత బండిలోంచి ఊడదీసిన 2009 నాటి ట్యాంకు ఉండొచ్చు. మోడల్ ఏదని అందరూ అడుగుతారు. ట్యాంకు ఏ ఏటిదని అడిగేవాళ్లు తక్కువ. నా దృష్టిలో బేరం అక్కడే మొదలుపెట్టాలి.

చట్టం సంగతి ముందు కొంచెం చెప్పుకుందాం. ఒకప్పుడు మన దేశంలో ఎల్పీజీతో కారు నడపడం చట్టసమ్మతం కాదు, గ్యాస్ వంటింటికే. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి దీనికి దారి తెరిచారు. 2001లో వాహనాల్లో ఎల్పీజీ వాడకాన్ని నియంత్రించే ఉత్తర్వు వచ్చింది. ఆ తర్వాత మనకు రెండు రకాల గ్యాస్ కార్లు తయారయ్యాయి. ఒకటి కంపెనీ ఫిట్టెడ్. మారుతి 2006లో తెచ్చిన వేగన్ ఆర్ డ్యుయో ఆ కోవది. మారుతి ఓమ్నిలో కూడా ఎల్పీజీ మోడల్ ఉండేది. వీటిలో ట్యాంకు, గొట్టాలు, వైరింగ్ అన్నీ ఫ్యాక్టరీలోనే కూర్చినవి కాబట్టి కారు వయసూ కిట్ వయసూ ఒకటే. రెండోది బయట ఫిట్టింగ్. లొవాటో, ల్యాండి రెంజో, బీఆర్‌సీ లాంటి ఇటలీ పేర్లున్న కిట్లు మన మెకానిక్కుల నోట బాగా నానాయి. బయట ఫిట్టింగ్ అన్నంత మాత్రాన చెడ్డదని కాదు. ఆమోదం పొందిన కిట్‌ను, అనుమతి ఉన్న వర్క్‌షాపులో, చేయి తిరిగిన మనిషి బిగిస్తే చక్కగా నడుస్తుంది. ఈ మూడింటికీ రుజువు కాగితం మీద ఉండాలి.

ఆ కాగితాల దగ్గరికే వద్దాం. ఆర్సీ చేతికి రాగానే ఇంధనం అని ఉన్న గడి చూడండి. అక్కడ పెట్రోల్, ఎల్పీజీ రెండూ కలిపి ఉండాలి. ఒట్టి పెట్రోల్ అని ఉండి డిక్కీలో ట్యాంకు కనబడితే, ఆ బండి కాగితాల లెక్కలో గ్యాస్ బండి కాదు. చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం బండిలో ఇలాంటి మార్పు చేస్తే రిజిస్టర్ చేసిన అధికారికి తెలిపి ఆర్సీలో ఎక్కించుకోవాలి. “అది చిన్న పని అన్నా, మనోడున్నడు, రెండు రోజుల్ల ఎక్కిస్తడు” అంటారు. అంత చిన్న పనైతే అమ్మేముందే చేయించి పెట్టమనండి. కిట్ కొన్న బిల్లు, బిగించిన వర్క్‌షాపు సర్టిఫికెట్, ట్యాంకు పరీక్ష కాగితం లేకుండా ఆ పని ముందుకు సాగదు. ఆ కాగితాలు ఉండి ఉంటే అతను ఈపాటికే చేయించుకునేవాడు.

తిరగేసిన కేసు కూడా ఉంటుంది. ఆర్సీలో ఎల్పీజీ అని ఉంటుంది, బండిలో కిట్ ఉండదు. పాత యజమాని ఊడదీసి ఇంకెవరికో అమ్ముకున్నాడన్నమాట. అప్పుడు ఆర్సీ దిద్దించే బాధ్యత మీ నెత్తిన పడుతుంది. ఇంకో రకం మరీ తెలివైనది. ఆర్సీలో ఎల్పీజీ ఉంటుంది, డిక్కీలో ట్యాంకూ ఉంటుంది, కానీ సర్టిఫికెట్‌లోని ట్యాంకు నంబరూ ట్యాంకు మీద కొట్టిన నంబరూ కలవవు. మంచి ట్యాంకు వేరే బండికి పోయి, దాని చోట ఏదో పాతది కూర్చుంది. అందుకే ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు సరిచూసినట్టే మూడో నంబరుగా ట్యాంకు నంబరును కూడా టార్చి లైటు వేసి సరిచూడాలి.

శంషాబాద్ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఎల్లో ప్లేటు చరిత్ర ఉన్న బండి అయితే పర్మిట్ సరెండర్ అయిందా, సొంత వాహనంగా మార్చి లైఫ్ ట్యాక్స్ కట్టారా చూసుకోవాలి. నంబరు ఏపీ 28 అనో ఏపీ 29 అనో మొదలైతే అది 2014 జూన్‌కు ముందు రంగారెడ్డి జిల్లాలో రిజిస్టరైన బండి. సొంత కారు రిజిస్ట్రేషన్‌కు గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 14 ఏళ్లు నిండిన గ్యాస్ బండి చవగ్గా దొరికితే, వచ్చే ఏడాది తనిఖీలో దాని కిట్ గురించి అధికారి అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది మీరే అని గుర్తుపెట్టుకుని ధర కట్టండి. పక్క రాష్ట్రం బండి అయితే ఎన్వోసీ ఉండాలి, ఫైనాన్స్ మీద కొన్నదైతే ఆర్సీలో రాసిన తనఖా, అదే హెచ్‌పీ క్యాన్సిల్ అయి ఉండాలి. పెండింగ్ చలాన్లు ఫోన్లోనే చూసుకోవచ్చు. ఇవన్నీ ఏ పాత కారుకైనా ఉండేవే కాబట్టి వీటిని ఇంతటితో వదిలేస్తాను.

ఇప్పుడు డిక్కీ తెరుద్దాం. లోపల రెండు ఆకారాల్లో ఏదో ఒకటి ఉంటుంది. పొడుగ్గా పీపా లాంటి ట్యాంకు సీటు వెనక అడ్డంగా ఉండొచ్చు, లేదా స్టెప్నీ ఉండాల్సిన గుంటలో గుండ్రటి ట్యాంకు కూర్చుని ఉండొచ్చు. గుండ్రటిది ఉంటే స్టెప్నీ ఎటు పోయిందో వెంటనే అడగండి. అర్ధరాత్రి ఔటర్ మీద టైరు పంక్చరయ్యాక అడిగి లాభం లేదు.

ట్యాంకు మీద ఒక రేకు పలక ఉంటుంది. లేదంటే అక్షరాలు నేరుగా ఉక్కు మీదే కొట్టి ఉంటాయి. తయారీదారు పేరు, నంబరు, ఎన్ని లీటర్లు పడుతుంది, ఏ ఏడాది తయారైంది, పరీక్ష ఎప్పుడు జరిగింది, ఈ వివరాలు దాని మీద ఉంటాయి. మన దేశంలో ఈ ట్యాంకుల ఆమోదం వ్యవహారం నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో అనే సంస్థ చూస్తుంది. పేలుడు పదార్థాల భద్రత చూసేది కూడా వాళ్లే. ఎల్పీజీ ట్యాంకుకు ఐదేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి. సీఎన్జీ సిలిండర్‌కైతే మూడేళ్లకే. సీఎన్జీలో ఒత్తిడి 200 బార్ దాకా పోతుంది, ఎల్పీజీలో మామూలుగా పది బార్ లోపలే ఉంటుంది, ఆ తేడా వల్లే గడువుల్లో ఈ తేడా. చివరి పరీక్ష జరిగి ఐదేళ్లు దాటిందంటే ఆ ట్యాంకులో గ్యాస్ నింపించుకోవడానికే వీల్లేదు. పలక మీద రంగు పూసేసి అక్షరాలు కనబడకుండా చేసినా, గీకేసి ఉన్నా, బేరం అక్కడితో ఆపేయమని నా సలహా. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ఆ ట్యాంకు నెత్తిన పిడికిలంత వాల్వు ఒకటుంటుంది, మల్టీవాల్వు అంటారు. చాలా పనులు ఒంటి చేత్తో చేస్తుంది. గ్యాస్ 80 శాతం నిండగానే ఇక లోపలికి రానివ్వదు. మిగతా 20 శాతం ఖాళీ ఎందుకంటే, ఎండకు ద్రవం ఉబ్బుతుంది. మే నెలలో విమానాశ్రయం ఉద్యోగుల పార్కింగులో ఎనిమిది గంటలు ఎండలో నిలబడ్డ బండిలో ఆ ఖాళీయే రక్షణ. ఒత్తిడి హద్దు మీరితే ఇంకో వాల్వు తెరుచుకుని గ్యాస్‌ను బయటికి వదులుతుంది. ఎక్కడైనా గొట్టం తెగి గ్యాస్ ఒక్కసారిగా పరుగెత్తితే మరొకటి దారి మూసేస్తుంది. ఇంజన్ ఆగగానే కరెంటుతో పనిచేసే సోలెనాయిడ్ కూడా మూసుకుంటుంది. 40 లీటర్ల ట్యాంకులో 32 లీటర్లకు మించి పడకూడదు. “మా బండిల 38 దాకా పడుతది” అని అమ్మేవాడు గొప్పగా చెప్పాడంటే, ఆ 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు చెడిపోయిందని తనే ఒప్పుకున్నట్టు.

ఒత్తిడి వదిలే వాల్వు లేకపోతే ఏమవుతుందో ఫ్రాన్సు చూసింది. 1999 జనవరి 31న లియోన్ పక్కనున్న వెనిస్యూలో ఎవరో ఒక ఎల్పీజీ కారుకు నిప్పు పెట్టారు. ఆర్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది దగ్గరికి పోయేసరికి ట్యాంకు పేలింది, వాళ్లలో కొందరు తీవ్రంగా గాయపడ్డారు. ఆ ట్యాంకుకు భద్రతా వాల్వు లేదు. ఆ తర్వాతే అక్కడ ఆ వాల్వు తప్పనిసరి అయింది. వాల్వు ఉన్న ట్యాంకు మంటల్లో చిక్కినా గ్యాస్‌ను వదులుతూ, మండుతూ ఖాళీ అవుతుంది, బాంబులా చీలదు. గ్యాస్ కారంటేనే బాంబు అనే మాట నాకు నచ్చదు. టర్కీలో, పోలండ్‌లో, దక్షిణ కొరియాలో లక్షల కార్లు దీనిమీదే తిరుగుతున్నాయి. ప్రమాదాల మూలం చూస్తే చాలాసార్లు తేలేది పనిచేయని వాల్వో, లేని వాల్వో, అనుమతి లేని ట్యాంకో.

అనుమతి లేని ట్యాంకు అనగానే మనకు ముందు గుర్తు రావాల్సింది వంటింటి సిలిండర్. 14.2 కిలోల ఎర్ర సిలిండర్ నుంచి మోటారు పెట్టి కారు ట్యాంకులోకి గ్యాస్ ఎక్కించే అడ్డాలు పట్టుబడ్డాయన్న వార్తలు మనం చదువుతూనే ఉంటాం. కొందరు ఆ సిలిండర్‌నే డిక్కీలో పడుకోబెట్టి పైపు తగిలించేస్తారు. వంట సిలిండర్‌కు 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు ఉండదు, గొట్టం తెగితే దారి మూసే ఏర్పాటూ ఉండదు. పైగా అది నిలబెట్టి ఆవిరి తీసుకోవడానికి చేసింది. పడుకోబెడితే ద్రవమే బయటికొస్తుంది. వంటింటి గ్యాస్‌ను బండికి వాడటం నిత్యావసర వస్తువుల చట్టం కింద నేరం కూడా. కొనే బండి అలా నింపుకుందా అని తెలుసుకోవడానికి ఒక చిన్న ఆనవాలు చెబుతాను. పంపులో గ్యాస్ నింపే నోరు బయట, బంపర్ దగ్గరో పెట్రోల్ మూత పక్కనో ఉంటుంది. డిక్కీలో ఇంకో ఇత్తడి నాజిలో అడాప్టరో, చిన్న పంపు ముక్కో దొరికితే ఆ బండి ఎక్కడ నింపుకుందో అడగక్కర్లేదు.

లీకు చూడటానికి ముక్కును మించిన పరికరం మన దగ్గర లేదు. వాసన లేని గ్యాస్‌లో కావాలని వాసన కలుపుతారు, వంటింట్లో మనకు తెలిసినదే ఆ వాసన. అయితే ముక్కు ఎక్కడ పెట్టాలో తెలియాలి. ఎల్పీజీ గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు, అందుకే కిందికి దిగి కూర్చుంటుంది. బండిని అద్దాలు మూసి అరగంట ఎండలో ఉంచమనండి. తర్వాత డిక్కీ తెరిచి, నిలబడి కాకుండా, వంగి నేలరేకు దగ్గర వాసన చూడండి. ఆ తర్వాత సబ్బు నురగ తీసుకుని వాల్వు చుట్టూ, గొట్టం అతికిన ప్రతి చోటా రాయండి, బుడగ లేచిందంటే లీకు. వాల్వు మీద గాలి చొరని పెట్టె ఒకటుండి, దాని నుంచి రెండు గొట్టాలు నేలరేకు గుండా బండి కిందికి దిగాలి. చిన్న లీకైనా ఆ గొట్టాల గుండా బయటికే పోవాలని ఆ ఏర్పాటు. ఆ గొట్టాలు ఊడిపోయో నలిగిపోయో ఉంటే వాయువు సీట్లలోకే వస్తుంది.

మన నగరంలో అపార్ట్‌మెంట్ సెల్లార్లు ఎక్కువ కాబట్టి ఈ పరీక్ష మీద ఇంత పట్టుబడుతున్నాను. ఒక్క లీటరు ద్రవం ఆవిరైతే సుమారు 250 లీటర్ల వాయువవుతుంది. ఆరుబయట గాలికి చెదిరిపోయేది, సెల్లార్‌లో వాన నీళ్లు నిలిచినట్టు నిలిచిపోతుంది. సంపు మోటారు స్విచ్చి దగ్గర ఒక చిన్న నిప్పురవ్వ చాలు.

బండిని ర్యాంపు మీదికి ఎక్కించి కింద కూడా చూడండి. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా పోయే రాగి గొట్టం మీద ప్లాస్టిక్ తొడుగు ఉండాలి, అడుగడుగునా క్లిప్పులతో బిగించి ఉండాలి, సైలెన్సర్‌కు ఎడంగా ఉండాలి. ట్యాంకును పట్టే బోల్టుల కింద వెడల్పాటి ఉక్కు పట్టీలు కనబడాలి. వట్టి వాషర్లు వేసి బిగిస్తే, గట్టిగా గుద్దుకున్నప్పుడు నేలరేకును చీల్చుకుని ట్యాంకు వెనక సీటు మీదికి వస్తుంది.

ఇక నడిపి చూడటం. బండి చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. మీరు వచ్చేసరికి ఇంజన్ అప్పటికే వేడెక్కి ఉందంటే అనుమానించండి. పొద్దున్నే పెట్రోల్ మీద సెల్ఫ్ కొట్టించాలి. చాలా గ్యాస్ బండ్లలో పెట్రోల్ వైపు దిక్కులేనిదైపోతుంది. పెట్రోల్ ట్యాంకులో రెండు లీటర్లు పోసి ఏళ్ల తరబడి దాని జోలికి పోరు. ట్యాంకు ఎండితే లోపలి పెట్రోల్ పంపు వేడెక్కి కాలిపోతుంది, వాడకం లేని ఇంజెక్టర్లు జిగురు పట్టి మూసుకుపోతాయి. కాబట్టి తొండుపల్లి దాకా పెట్రోల్ మీద పొండి, తిరిగి రావడం గ్యాస్ మీద రండి. స్విచ్ మార్చినప్పుడు చిన్న తడబాటు ఉంటే క్షమించవచ్చు. ఆగిపోవడం, ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి టప్ మని పేలడం క్షమించకూడదు. గ్యాస్‌ను ముందే గాలిలో కలిపి ఇంజన్‌లోకి పంపే పాత మిక్సర్ కిట్లలో ఈ బ్యాక్‌ఫైర్ మామూలు రోగం. ప్లగ్గులో, వైర్లో బలహీనమైతే వస్తుంది, ఎయిర్ ఫిల్టర్ పెట్టెను పగలగొట్టేస్తుంది. పెట్టె మీద కొత్త అతుకు కనబడితే అంతకుముందు ఏం జరిగిందో ఊహించుకోవచ్చు. కొత్త తరం కార్లకు సీక్వెన్షియల్ కిట్ ఉండాలి, ఇంజన్‌లోని ఒక్కో సిలిండర్‌కు ఒక్కో గ్యాస్ ఇంజెక్టర్ ఉన్నది. ఇంజెక్టర్లున్న ఎంపీఎఫ్ఐ ఇంజన్‌కు పాతకాలపు మిక్సర్ తగిలించి ఉంటే చవక పని చేశారని అర్థం.

బానెట్ కింద రెడ్యూసర్ అని ఒకటుంటుంది. ద్రవ గ్యాస్‌ను ఆవిరిగా మార్చేది అదే. అలా మారేటప్పుడు వేడి పీల్చుకుంటుంది, ఆ వేడి ఇంజన్‌లో తిరిగి వేడెక్కిన కూలెంట్ ఇస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ఆ డబ్బా మీద మంచు పట్టిందంటే కూలెంట్ అక్కడిదాకా చేరడం లేదు. గ్యాస్ లోపమనుకుని దాన్నే బాగు చేయించుకుంటూ పోతారు, అసలు రోగం కూలెంట్ లీకులోనో హెడ్ గాస్కెట్‌లోనో ఉంటుంది.

ఆ తర్వాత నలుగురిని ఎక్కించుకుని ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కించండి. గ్యాస్ మీద పికప్ కాస్త తగ్గడం సహజం. రెండో గేరులో కూడా రొప్పుతుంటే మాత్రం ఇంజన్ లోపల చూడాల్సి ఉంటుంది. గ్యాస్ పొడిగా మండుతుంది కాబట్టి కొన్ని ఇంజన్లలో వాల్వులూ అవి కూర్చునే సీట్లూ అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది. ఇక్కడ ఒక చిత్రం ఉంది. తాపెట్లు చప్పుడు చేస్తే ఇంజన్ అరిగిందని మనందరి నమ్మకం. ఈ అరుగుదలలో సందు తగ్గిపోతుంది కాబట్టి తాపెట్ చప్పుడు కూడా తగ్గిపోతుంది. “చూడన్నా, ఇంజన్ ఎంత సైలెంటుగున్నదో” అని మురిపించే బండిలో చలిపొద్దున స్టార్టింగ్ కష్టమై, ఐడ్లింగ్‌లో వణుకుతుంటే, కంప్రెషన్ పరీక్ష చేయించకుండా బయానా ఇవ్వకండి. ఆ పరీక్షకు పెట్టే ఖర్చు హెడ్ దింపించే ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

ఇదంతా చాదస్తం అనిపిస్తోందా? ఇదే శంషాబాద్‌లో, రన్‌వేకు అవతల జీఎంఆర్ ఏరో టెక్నిక్ హ్యాంగర్లలో విమానాలు విప్పి బాగు చేస్తుంటారు. విమానంలో ఆయుష్షు లెక్క ఉన్న విడిభాగం చేతులు మారితే, అది తయారైన రోజు నుంచి ఎక్కడెక్కడ ఎన్ని గంటలు పనిచేసిందో కాగితం వెంట రావాలి. కాగితం లేకపోతే చూడ్డానికి నిగనిగలాడుతున్నా పక్కన పడేయడమే. అక్కడ పనిచేసే టెక్నీషియన్ తన సొంతానికి కారు కొనేటప్పుడు మాత్రం ట్యాంకు తేదీ అడగడానికి మొహమాటపడతాడు!

లాభం లెక్క తేల్చుకుందాం. లీటరు గ్యాస్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్ కంటే తక్కువ. పెట్రోల్ మీద 16 కిలోమీటర్లు ఇచ్చే బండి గ్యాస్ మీద 13 ఇస్తే బాగా ఇచ్చినట్టే. “గ్యాస్ మీద 20 ఇస్తది” అంటే నవ్వి ఊరుకోండి. పెట్రోల్ లీటరు వంద రూపాయలనుకుంటే గ్యాస్ 80కి పైన ఉన్నప్పుడు మీకు దాదాపు ఏమీ మిగలదు, 60 ఉంటే బాగానే మిగులుతుంది. ఆ రోజు ధరలు చూసి ఈ లెక్క మీరే వేసుకోండి. అందులోంచి పంపు దాకా పోయివచ్చే దూరం తీసేయండి. ఎల్పీజీ పంపులు పెట్రోల్ బంకుల్లా అడుగడుగునా ఉండవు, ఉన్నచోట ఆటోల బారు ఉంటుంది. పైగా కొత్తగా వచ్చేవి ఎక్కువగా సీఎన్జీ పంపులు, ఆ నాజిల్ మీ ట్యాంకుకు పనికిరాదు. మీ ఇంటికీ డ్యూటీకీ మధ్య దారిలో ఎల్పీజీ పంపు లేకపోతే, ఎంత మంచి కిట్ ఉన్నా అది మీ బండి కాదు. నెలకు నాలుగు వందల కిలోమీటర్లు తిరిగే మనిషికి కూడా ఇది దండగే అంటాను. రోజుకు అరవై, డెబ్బై తిరిగేవాడికి అర్థం ఉంది.

అన్నీ నచ్చి కొన్నారనుకుందాం. 29, 30 నంబరు ఫారాల మీద అమ్మేవాడి సంతకాలు పెట్టించుకుని, పేరు మార్పించకుండా బీరువాలో దాచుకునే అలవాటు మనకుంది. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా ఆర్సీలో ఎవరి పేరుంటే, ప్రమాదం జరిగినప్పుడు వాళ్లే యజమాని. అది అమ్మేవాడికి దడ పుట్టించే తీర్పు. కొనేవాడికి ఉన్న దడ ఇన్సూరెన్స్‌లో ఉంది. పాలసీ తెరిచి బైఫ్యూయల్ కిట్ అన్న వరస విడిగా ఉందో లేదో చూడండి. సొంత నష్టం కింద కిట్ విలువ మీద నాలుగు శాతం, థర్డ్ పార్టీ కింద 60 రూపాయలు, అంతే దానికి పడేది. ఆ కాస్త డబ్బు కట్టని పాలసీతో గ్యాస్ బండి కాలిపోతే, కంపెనీవాళ్లు మొదట పట్టుకునేది ఆ లేని వరసనే. పాలసీని మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. అమ్మేవాడు తన పేరు మీదున్నప్పుడు ఆ వరస పెట్టించలేదంటే, ఆర్సీలో కూడా ఎల్పీజీ ఎక్కలేదేమో మళ్లీ ఒకసారి చూసుకోండి. సాధారణంగా ఉంటే రెండూ ఉంటాయి, లేకపోతే రెండూ ఉండవు.

చివరగా, బండి బాగుంది, కిట్ మాత్రం బాగాలేదు అని తేలితే? అలాంటివి చాలా ఉంటాయి, వాటిని వదులుకోవాల్సిన పని లేదు. ఒట్టి పెట్రోల్ కారు ధర కట్టి, కిట్‌కు విలువ సున్నా వేసి, ఇంకా అది తీయించే ఖర్చు తగ్గించి బేరమాడండి. తీయించేటప్పుడు అనుమతి ఉన్న వర్క్‌షాపులోనే, ట్యాంకులోని గ్యాస్ పూర్తిగా దింపించాకే పని మొదలుపెట్టించండి. ఆ ట్యాంకును పాత ఇనుప సామానువాడికి అమ్మకండి. అడుగున గ్యాస్ మిగిలిందని తెలియక కట్టర్ పెట్టేవాడి ప్రాణం మీదికి వస్తుంది. ఆర్సీలో ఇంధనం గడిని మళ్లీ పెట్రోల్‌కు దిద్దించండి. ట్యాంకు పోయాక డిక్కీ నేలరేకులో నాలుగు బోల్టు రంధ్రాలు, రెండు గొట్టాల రంధ్రాలు మిగులుతాయి. వాటిని రబ్బరు బిరడాలతోనో వెల్డింగుతోనో వెంటనే మూయించాలి. లేకపోతే వానాకాలంలో వాటిలోంచి నీళ్లు, మిగతా కాలమంతా సైలెన్సర్ పొగ బండిలోకి వస్తూనే ఉంటాయి.